సాల్వెంట్‌తో వచ్చే తంటాలు: జీసీ ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో గ్యాస్ క్రొమాటోగ్రఫీతో (జీసీ) ఇబ్బంది పడుతున్నవాళ్లు రాయమని అడిగాను. శాంపిల్‌ని ద్రవంలో కరిగించి, ఇంజెక్టర్‌లో ఆవిరి చేసి, కాలమ్ అనే సన్నటి గొట్టంలోంచి గ్యాసుతో నెట్టి, ఒక్కో పదార్థం విడిగా బయటికొచ్చినప్పుడు డిటెక్టర్ గీసే పీక్‌ని (గుట్ట) బట్టి ఎంతుందో చెప్పే పద్ధతి అది. వచ్చిన ఉత్తరాల్లో చాలామంది మెషీన్‌ని తిట్టారు, కాలమ్‌ని తిట్టారు, ఒకాయనైతే కరెంటు ఆఫీసును కూడా వదల్లేదు. చదువుతూ పోతుంటే సగం కేసుల్లో అసలు దొంగ వయల్లోనే (శాంపిల్ పోసే చిన్న సీసా) దర్జాగా కూర్చుని ఉన్నాడు. సాల్వెంట్‌ని, అంటే శాంపిల్‌ని కరిగించే ద్రవాన్ని, మనం మంచినీళ్ల లెక్కన చూస్తాం, చేతికి ఏది అందితే అది పోసేస్తాం, అక్కడే మొదలవుతుంది గొడవ. అందుకే ఈసారి ఆ ఉత్తరాలే తీసుకున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రం వేస్తున్నాం.

ప్రశ్న: సార్, మాది బల్క్ డ్రగ్ కంపెనీ, నేను క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగం) చేస్తాను. ఒక ఇంటర్మీడియట్‌లో (మందు తయారీ మధ్యలో వచ్చే సరుకు) టోలుయిన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ఎంత మిగిలాయో చూడాలి. మెథనాల్లో కరిగించి 2 మైక్రోలీటర్లు నేరుగా ఇంజెక్ట్ చేస్తున్నాం. ఒకే స్టాండర్డ్ (ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం) ఆరుసార్లు కొడితే ఆర్‌ఎస్‌డీ (రీడింగుల మధ్య తేడా) 12, 14 శాతం వస్తోంది. సిరంజి మార్చాం, సెప్టమ్ (సూది గుచ్చే రబ్బరు బిళ్ల) మార్చాం. సర్వీస్ ఇంజినీర్ వచ్చి మెషీన్ బాగానే ఉందని సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆడిట్ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది. (పరవాడ)

జవాబు: ఆడిట్ సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ, ముందు ఒక లెక్క వేద్దాం. ఇంజెక్టర్ 250 డిగ్రీల దగ్గర ఉంది, పీడనం 10 పీఎస్‌ఐ అనుకోండి. ఒక మైక్రోలీటరు మెథనాల్ అక్కడ పడగానే ఆవిరై సుమారు 630 మైక్రోలీటర్లవుతుంది. మీరు కొట్టేది రెండు కాబట్టి 1260. మామూలుగా అందరూ వాడే 4 మిల్లీమీటర్ల లైనర్ (ఇంజెక్టర్‌లో ఉండే గాజు గొట్టం) లోపలి ఖాళీ మొత్తం కలిపినా వెయ్యికి కాస్త తక్కువే, పైగా అందులో ఆవిరిని మోసుకెళ్లే క్యారియర్ గ్యాసుకూ చోటు కావాలి. చిన్న గిన్నెలో పాలు పెద్ద మంట మీద పెడితే ఏమవుతుంది? ఇక్కడా అదే. పొంగిన ఆవిరి పైకి ఎక్కి, సెప్టమ్ పర్జ్ గొట్టంలోకి, గ్యాస్ వచ్చే దారిలోకి వెనక్కి తన్నుతుంది. అక్కడ చల్లగా ఉంటుంది కాబట్టి కొంత అతుక్కుపోతుంది, అందులో కొంత తర్వాతి ఇంజెక్షన్‌లో తిరిగొస్తుంది, ఇంకొంత ఎప్పటికీ రాదు. ప్రతిసారీ పొంగేది ఒకే కొలతలో పొంగదు కదా, మీ 12 శాతం అక్కడిదే అని నా అనుమానం. స్ప్లిట్ పద్ధతిలో (ఆవిరిలో ఎక్కువ భాగం బయటికి వదిలేసి కొంతే కాలమ్‌లోకి పంపడం) గ్యాస్ వేగంగా ఊడ్చుకుపోతుంది కాబట్టి ఈ బాధ కొంచెం తక్కువ, అయినా లేకుండా పోదు.

అనుమానం తీర్చుకోవడం తేలిక. స్టాండర్డ్ కొట్టిన వెంటనే ఉత్త మెథనాల్ రెండుసార్లు కొట్టండి. టోలుయిన్ దగ్గర చిన్న దెయ్యం పీక్ కనిపించి, రెండోసారికి తగ్గితే పొంగిందనే అర్థం.

అదే 250 డిగ్రీలు, అదే 10 పీఎస్‌ఐ దగ్గర మిగతావాటి లెక్క కూడా చెబుతాను, గోడ మీద అంటించుకోండి. ఒక మైక్రోలీటరు హెక్సేన్ సుమారు 195 అవుతుంది, టోలుయిన్ 240, ఇథైల్ ఎసిటేట్ 260, ఎసిటోన్ 350, డీసీఎం (డైక్లోరోమీథేన్) 400, ఎసిటోనైట్రైల్ 490. నీళ్లయితే ఏకంగా 1400. అణువు చిన్నదైన కొద్దీ ఒక్కో చుక్కలో ఎక్కువ అణువులు పడతాయి, అవన్నీ ఆవిరైతే అంత చోటు కావాలి. చిన్నదే కదా అని నీళ్ల అణువును నమ్మితే లైనర్ మొత్తం ఆక్రమించేస్తుంది.

మీరు చేయాల్సింది: ముందు 2ని 0.5కో 1కో తగ్గించి, గ్లాస్ ఊల్ ఉన్న 4 మిల్లీమీటర్ల లైనర్ పెట్టి, మళ్లీ ఆరు ఇంజెక్షన్లు చూడండి. మెథనాల్‌కి ఇంకో జబ్బు కూడా ఉంది. నాన్‌పోలార్ కాలమ్ గోడను అది తడపదు, తామరాకు మీద నీటిబొట్టులా పూసలు కడుతుంది, స్ప్లిట్‌లెస్‌లో (ఆవిరంతా కాలమ్‌లోకే పంపడం) ముందొచ్చే పీకులు రెండుగా చీలడానికి ఇదే కారణం. ఇక మీ ఇంటర్మీడియట్ ఆవిరయ్యే సరుకు కాదు, ఇంజెక్ట్ చేసిన ప్రతిసారీ అది లైనర్లో పేరుకుపోతోంది. నన్నడిగితే ఈ పనికి నేరుగా కొట్టడమే తప్పు, డీఎంఎస్ఓలో (డైమిథైల్ సల్ఫాక్సైడ్) కరిగితే హెడ్‌స్పేస్‌కి, అంటే మూసిన వయల్‌ని వేడి చేసి పైన చేరిన గ్యాసును మాత్రమే కొట్టే పద్ధతికి, మారిపోండి. మెథడ్ వ్యాలిడేట్ అయిపోయింది, మార్చలేం అంటారు మీ బాసు. 14 ఆర్‌ఎస్‌డీతో వ్యాలిడేట్ ఎలా అయిందని మాత్రం ఆయన్ని నేను అడిగానని చెప్పకండి.

ప్రశ్న: మేము రెసిడ్యువల్ సాల్వెంట్స్ (మందులో మిగిలిపోయిన సాల్వెంట్లు) హెడ్‌స్పేస్‌లో డీఎంఎఫ్‌తో (డైమిథైల్ ఫార్మమైడ్) చేస్తున్నాం. బ్లాంక్‌లోనే (శాంపిల్ లేని ఉత్త సాల్వెంట్) బెంజీన్ వచ్చే చోట చిన్న పీక్ కనిపిస్తోంది. బ్లాంక్‌ని తీసేసి లెక్క కట్టేయమని మా సీనియర్ అంటారు. ఇంకొకరు డీఎంఎస్ఓకి మారమంటారు, మరొకరు నీళ్లు చాలు కదా అంటారు. ఎవరి మాట వినాలి? (జీడిమెట్ల)

జవాబు: ముగ్గురి మాటా ఇప్పుడే వినకండి. మందుల్లో సాల్వెంట్ల హద్దులు చెప్పే ఐసీహెచ్ క్యూ3సీ (అంతర్జాతీయ మార్గదర్శకం) ప్రకారం బెంజీన్ హద్దు 2 పీపీఎం. మీరు మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల శాంపిల్ కరిగిస్తే వయల్లో హద్దు దగ్గర ఉండేది మిల్లీలీటరుకు 0.2 మైక్రోగ్రాములు మాత్రమే. డైల్యూయెంట్‌లోనే (కరిగించే ద్రవం) 0.05 ఉందంటే హద్దులో నాలుగోవంతు మీ సీసాలోంచే వచ్చింది. తీసేస్తే పోతుందని మీ సీనియర్ అనడం కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ సీసా మారితే ఆ అంకె మారుతుంది, రెండు చిన్న పీకుల తేడా తీస్తే ఆ రెండింటి పొరపాట్లూ కలిసి మీ నెత్తిన పడతాయి. టోలుయిన్ 890 పీపీఎం, ఎసిటోన్ 5000 పీపీఎం లాంటి పెద్ద హద్దులకైతే ఇంత చిన్న పీక్ ఎవరికీ పట్టదు. పట్టేది బెంజీన్ లాంటి క్లాస్ 1 వాటికే, అంటే వాడకుండా తప్పించాల్సిన విషపు సాల్వెంట్లకే. వాటికి హెడ్‌స్పేస్ గ్రేడ్ సీసా కొనండి, ప్రతి కొత్త లాట్‌కీ పని మొదలుపెట్టకముందే బ్లాంక్ కొట్టండి.

ఇంకో సంగతి, అది నిజంగా బెంజీనేనా? మీరు వాడేది 624 రకం కాలమ్ అయితే అందులో బెంజీన్, 1,2-డైక్లోరోఈథేన్ పక్కపక్కనే వస్తాయి. వ్యాక్స్ అనే వేరే రకం కాలమ్ మీద ఒకసారి చూసి ఖాయం చేసుకోండి.

ఇక ఏది పోయాలన్న ప్రశ్న. మీ ప్రాసెస్‌లో డీఎంఎఫ్ వాడి ఉంటే డీఎంఎఫ్‌ని డైల్యూయెంట్‌గా పెట్టకూడదు. అంత పెద్ద సాల్వెంట్ పీక్ కింద మీరు కొలవాల్సిన 880 పీపీఎం ఎక్కడ కనబడుతుంది? ఇంత చిన్న విషయం ఎవరు మర్చిపోతారులే అనుకోకండి, నేను చూశాను. డీఎంఎఫ్ పాతబడితే డైమిథైల్ అమీన్ వదులుతుంది కాబట్టి అమీన్లు చూసేవాళ్లకి అస్సలు పనికిరాదు. డీఎంఎస్ఓ 189 డిగ్రీల దగ్గర మరుగుతుంది, చివర్న వస్తుంది, చాలా మందులు అందులో కరుగుతాయి, నేను ఎక్కువగా దానివైపే మొగ్గుతాను. దానికున్న గుణం ఏమిటంటే 18.5 డిగ్రీలకే గడ్డకడుతుంది, ఏసీ బాగా పెట్టిన ల్యాబుల్లో పొద్దున్నే సీసాలో రాయిలా కూర్చుంటుంది. సగం కరిగినప్పుడు పైపైన తీసి వాడకండి, పూర్తిగా కరగనివ్వండి.

అది గాల్లో తేమను కూడా పీల్చుకుంటుంది. నీళ్లు కలిసిన కొద్దీ హెక్సేన్, టోలుయిన్ లాంటివి దాన్లో ఇమడలేక గ్యాసులోకి ఎగబడతాయి, పీక్ పెరుగుతుంది. స్టాండర్డ్ కొత్త సీసాతోనూ శాంపిల్ నెలరోజుల కిందట మూత తీసిన సీసాతోనూ చేస్తే రిజల్ట్ ఎక్కువ చూపించడానికి అదొక్కటే చాలు. రెండూ ఒకే సీసాలోంచి, ఒకేరోజు తీసుకోండి.

నీళ్లు చాలన్న ఆయన మాట కొట్టిపారేసేది కాదు. నీళ్లలో కరిగే మందుకి నీళ్లే పోయమని యూఎస్‌పీ (అమెరికా మందుల ప్రమాణాల గ్రంథం) 467వ అధ్యాయం చెబుతుంది. కాకపోతే నీళ్లు కొందర్ని అసలు వదలవు, కొందర్ని తరిమేస్తాయి. 40 డిగ్రీల దగ్గర హెక్సేన్‌కి నీటికీ గాలికీ మధ్య పంపకం సుమారు 0.14, అంటే నీళ్లలోకంటే గాల్లోనే ఎక్కువ ఉంటుంది. టోలుయిన్‌కి 3 లోపు. ఇథనాల్‌కి 1300 పైనే, అది నీళ్లను పట్టుకుని వదలదు. అందుకే మెథనాల్, ఇథనాల్ చూసేటప్పుడు పీక్ చిన్నగా ఉందని బెంగపడకుండా ఉప్పో సోడియం సల్ఫేటో కలిపి చూడండి, స్టాండర్డ్‌లోనూ అంతే కలపాలి. మందు పూర్తిగా కరగకపోతే మాత్రం ఈ లెక్కలన్నీ వృథా, గింజల్లో ఇరుక్కున్న సాల్వెంట్ బయటకే రాదు.

ప్రశ్న: నేను మిరప శాంపిల్స్‌లో పురుగుమందుల అవశేషాలు చూసే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఎసిటోనైట్రైల్‌తో తీసిన ఎక్స్‌ట్రాక్ట్‌నే జీసీలో కొడుతున్నాం. కొన్ని మందులకు రికవరీ (మేం కలిపినదానిలో తిరిగి దొరికింది) 140 శాతం వస్తోంది. వేసిందానికంటే ఎక్కువ ఎలా వస్తుందండీ? (గుంటూరు)

జవాబు: వేసిందానికంటే ఎక్కువ రాలేదమ్మా, మీ స్టాండర్డే తక్కువ వచ్చింది. లైనర్ గాజు మీద, కాలమ్ మొదట్లో మందు అతుక్కునే చోట్లు కొన్ని ఉంటాయి. ఉత్త సాల్వెంట్లో చేసిన స్టాండర్డ్ కొట్టినప్పుడు పురుగుమందు వెళ్లి ఆ సీట్లలో కూర్చుంటుంది, డిటెక్టర్ దాకా రాదు. మిరప ఎక్స్‌ట్రాక్ట్ కొట్టినప్పుడు ఆ ఎర్ర నూనె, రంగులు, మైనం అంతా ముందే ఎక్కి సీట్లన్నీ ఆక్రమిస్తాయి, పండగ ముందురోజు ఆర్టీసీ బస్సులాగా. మందుకి కూర్చునే చోటు దొరక్క నేరుగా డిటెక్టర్‌కి పోతుంది. దీనికి విరుగుడు తెలిసిందే: అవశేషాలు లేని మిరపకాయను ఇలాగే ఎక్స్‌ట్రాక్ట్ చేసి, స్టాండర్డ్ అందులో తయారు చేయండి. ఆకుకూర ఎక్స్‌ట్రాక్ట్‌లో చేసిన స్టాండర్డ్ మిరపకు సరిపోదు.

మీ ఎసిటోనైట్రైల్ గురించి కూడా చెప్పాలి. పురుగుమందుల్ని త్వరగా, చౌకగా బయటికి తీసే 2003 నాటి క్వెచర్స్ పద్ధతి పుణ్యమా అని ఎసిటోనైట్రైల్‌తో తీయడం దేశమంతా అలవాటైంది, తీయడానికి అది మంచిదే. కొట్టడానికి మాత్రం అంత మంచిది కాదు. పైన చెప్పినట్టు ఆవిరైతే 490 మైక్రోలీటర్లు ఉబ్బుతుంది, నాన్‌పోలార్ కాలమ్‌తో దానికి పొసగదు, నత్రజని ఉన్న సాల్వెంట్ కాబట్టి ఎన్‌పీడీ డిటెక్టర్‌కి (నత్రజని, ఫాస్ఫరస్ పట్టేది) గిట్టదు. క్యాప్టాన్, డైకోఫాల్ లాంటివి అందులో నిలవ ఉంటే విరిగిపోతాయి కూడా, 0.1 శాతం ఎసిటిక్ ఆసిడ్ కలిపితే కాస్త ఆగుతాయి. నేనైతే నత్రజని గ్యాసుతో మెల్లగా ఆరబెట్టి ఇథైల్ ఎసిటేట్‌లోకి మార్చుకుంటాను. పూర్తిగా ఎండనివ్వకండి. డైక్లోర్‌వాస్ లాంటి తేలికపాటివి దానితోపాటే ఎగిరిపోతాయి, అడుగున టోలుయిన్ చుక్కలు కొన్ని ఉంచితే అవి పట్టి ఉంచుతాయి. ఇథైల్ ఎసిటేట్ 77 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి స్ప్లిట్‌లెస్‌లో ఓవెన్ 60 దగ్గర మొదలుపెట్టండి. సాల్వెంట్ మరిగే డిగ్రీకి 10, 20 తక్కువ ఉంటేనే అది కాలమ్ మొదట్లో పలచటి పొరగా పరుచుకుని మందుని ఒక్కచోటకు చేరుస్తుంది. ఎక్కువ పెడితే ముందొచ్చే పీకులు పొట్ట ఉబ్బి వస్తాయి.

ఒకవేళ ఈసీడీ (క్లోరిన్ లాంటివాటిని పట్టే డిటెక్టర్) వాడుతుంటే డీసీఎం, క్లోరోఫామ్ ఆ గదిలోకే రానివ్వకండి. క్లోరిన్ కనిపిస్తే ఆ డిటెక్టర్‌కి పూనకం వస్తుంది, బేస్‌లైన్ దిగిరావడానికి ఒక పూట పడుతుంది.

ప్రశ్న: సార్ నేను ఎంఎస్సీ ఫైనలియర్. ప్రాజెక్టులో లవంగ నూనెలో యూజెనాల్ శాతం కొలుస్తున్నా. డీసీఎంలో స్టాండర్డ్ పొద్దున్నే చేసి రోజంతా అదే వాడుతున్నా, శాంపిల్ ఎప్పటికప్పుడు కొత్తగా చేస్తున్నా. అదే నూనె పొద్దున 82 వస్తే సాయంత్రం 75 వస్తోంది. గైడ్‌ని అడిగితే మళ్లీ చెయ్యి అంటున్నారు. (వరంగల్)

జవాబు: మళ్లీ చేస్తే మళ్లీ అలాగే వస్తుంది నాయనా. డీసీఎం 40 డిగ్రీలకే మరుగుతుంది, వరంగల్ ఎండల్లో గది వేడి దానికి ఎంతో దూరం లేదు. ఫ్లాస్కు మూత తీసిన ప్రతిసారీ డీసీఎం పోతుంది, 254 డిగ్రీల దగ్గర మరిగే యూజెనాల్ మాత్రం అక్కడే ఉంటుంది. అంటే సాయంత్రానికి నీ స్టాండర్డ్ నువ్వు రాసుకున్నదానికంటే చిక్కగా ఉంది. చిక్కటి స్టాండర్డ్‌తో పోలిస్తే శాంపిల్ పలచగా కనిపిస్తుంది. నూనె మారలేదు.

నేనూ దీనిలోనే పడ్డాను, ఇరవయ్యేళ్ల కిందట. ఒక కంపెనీలో వరసగా మూడు బ్యాచులు తక్కువొచ్చి ఓఓఎస్ (హద్దు దాటిన ఫలితం) రాశారు. ప్రొడక్షన్ వాళ్లకీ మాకూ మాటల్లేవు వారం రోజులు. చివరికి చూస్తే స్టాండర్డ్ వయల్‌ని ఆటోశాంప్లర్ ట్రేలో సూదిపోటు పడ్డ సెప్టమ్‌తోనే రాత్రంతా వదిలేసి తెల్లారి మళ్లీ వాడింది నేనే. ఎవరికీ చెప్పుకోలేక, చెప్పకుండా ఉండలేక నేను పడ్డ అవస్థ ఇప్పటికీ గుర్తుంది. చెప్పేశాను, అది వేరే సంగతి.

ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుందని ఎవరో ఒకరు అంటారు. పెట్టు, కానీ తీసిన వెంటనే పిపెట్ చేయకు. డీసీఎం ఒక్కో డిగ్రీకి సుమారు 0.14 శాతం వ్యాకోచిస్తుంది. 5 డిగ్రీల్లో ఉన్నదాన్ని 30 డిగ్రీల గదిలో చల్లగా ఉండగానే కొలిస్తే మూడు శాతానికి పైగా ఎక్కువ పట్టుకొస్తావు. నీళ్లకి ఇంత తేడా ఉండదు కాబట్టి కాలేజీలో ఎవరూ చెప్పరు. ఫ్లాస్కు మీద 20 అనో 27 అనో డిగ్రీలు ఎందుకు ముద్రిస్తారో ఇప్పుడు చూడు. తేలికైన దారి, డీసీఎం మానేసి టోలుయిన్‌లో చెయ్యి. 111 డిగ్రీల దగ్గర మరుగుతుంది, యూజెనాల్‌కి చాలా ముందే వచ్చి పోతుంది. మిల్లీలీటర్లు కొలవకుండా అన్నీ బ్యాలెన్స్ మీద తూచి లెక్కకట్టు, నీ గైడ్ కూడా ఏమీ అనలేరు.

ప్రశ్న: ఇంటర్నల్ స్టాండర్డ్ (శాంపిల్‌లోనూ స్టాండర్డ్‌లోనూ ఒకే మోతాదులో కలిపే వేరే పదార్థం) పెడితే సాల్వెంట్ ఏదైనా పర్వాలేదు కదా? (రాజమండ్రి)

జవాబు: పర్వా ఉంది. ఎంత వాల్యూమ్ వెళ్లింది, ఎంత ఆవిరైపోయింది అన్నవి అది సర్దుతుంది. సాల్వెంట్‌లోంచే వచ్చిన మలినం మీ పీక్ కింద దాక్కుంటే అదేం చేయగలదు? క్లోరోఫామ్‌లో నిలవ కోసం ఇథనాల్ 0.5 నుంచి 1 శాతం దాకా కలుపుతారు, చాలా టీహెచ్ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) సీసాల్లో నిలవ కోసం బీహెచ్‌టీ ఉంటుంది, హెక్సేన్ అని కొన్న సీసాలో మిథైల్ సైక్లోపెంటేన్ కూడా ఉంటుంది. సీసా మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోరోఫామ్‌లో కరిగించి ఇథనాల్ కొలిచిన రిపోర్టు ఒకటి నా దగ్గరకొచ్చింది, ఎన్ని బ్యాచులైనా ఇథనాల్ ఒకేలా ఉందని దాన్లో గర్వంగా రాశారు.

ప్రశ్న: ఒక స్టార్టింగ్ మెటీరియల్, ప్రైమరీ అమీన్. ఎసిటోన్‌లో బాగా కరుగుతోందని అందులో చేస్తున్నాం. వయల్ ట్రేలో ఉన్నకొద్దీ ప్యూరిటీ తగ్గుతోంది, పక్కన కొత్త పీక్ పెరుగుతోంది. మా టీమ్ దాన్ని డిగ్రడేషన్ అని రాయబోతోంది. మీరేమంటారు? (న్యూజెర్సీ)

జవాబు: ఆ రాత ఆపించండి ముందు. ప్రైమరీ అమీన్, ఎసిటోన్ కలిస్తే ఇమీన్ అవుతుంది, డిగ్రీ మొదటేడాది చదివిందే. వయల్లో మెల్లగా, 250 డిగ్రీల ఇంజెక్టర్‌లో చకచకా. కొత్త పీక్ మాస్ (అణు బరువు) తీయించండి, అమీన్ కంటే సరిగ్గా 40 ఎక్కువుంటే ఇక వాదన అక్కర్లేదు. మెథనాల్లో ఆల్డిహైడ్లు అసిటాల్స్ అవుతాయి, కొన్ని ఎస్టర్లు మెథనాల్‌ని తగిలించుకుంటాయి, అదీ ఇదే కోవ.

కొలిచే పద్ధతే కొలవాల్సిన దాన్ని పుట్టించడం కొత్తేమీ కాదు, మీరుండే దేశంలోనే 2019లో రానిటిడిన్ (అసిడిటీ మందు) గొడవ జరిగింది. ఎన్‌డీఎంఏ (క్యాన్సర్ తెప్పించవచ్చనే మలినం) విపరీతంగా ఉందని చూపిన మొదటి జీసీ ఫలితాల్లో శాంపిల్‌ని 130 డిగ్రీల దాకా వేడి చేశారు, ఆ వేడికి రానిటిడినే విరిగి ఎన్‌డీఎంఏ పుడుతోందని ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) చెప్పి, అంత వేడి అక్కర్లేని ఎల్‌సీ మాస్ పద్ధతికి మారింది. అంకె తగ్గింది, అలాగని మందు నిర్దోషిగా తేలలేదు. నిలవలో, వేడిలో నిజంగానే ఎన్‌డీఎంఏ పెరుగుతోందని తేలి 2020 ఏప్రిల్లో మార్కెట్లోంచి తీసేయమన్నారు. కాబట్టి మీ పీక్ ఎసిటోన్ వల్లే అని తేలినా, అసలు డిగ్రడేషన్ లేదని అప్పుడే అనేయకండి. సాల్వెంట్ మార్చి చూసి అనండి.

టోలుయిన్‌లోనో ఎంటీబీఈలోనో (మిథైల్ టర్షియరీ బ్యూటైల్ ఈథర్) కరిగించండి, కరగకపోతే ఐపీఏ. డీసీఎం వద్దు, అమీన్లతో అది కూడా మెల్లగా చేయి కలుపుతుంది. కాలమ్ అమీన్ల కోసం చేసిన బేస్ డీయాక్టివేటెడ్ రకం పెట్టండి, లేకపోతే తోక పీక్ వచ్చి మళ్లీ సాల్వెంట్‌నే తిడతారు. అదే వయల్ని చేసిన వెంటనే, ఆరు గంటలకు, ఇరవైనాలుగు గంటలకు కొట్టి మూడు అంకెలూ నాకు రాసి పంపండి.